బల్లి కాదండీ, రొయ్య

ఆ రోజుల్లో అంటే మరీ వెనకటి రోజులనుకునేరు. చేతిలో ఫోను, ఫోనులో లోకమంతా వచ్చేసిన రోజులే. అప్పట్లో తిరుపతి కుర్రవాళ్ళకు తలా ఒక పిచ్చి ఉండేది. మా స్నేహితుల్లో ఒకడు తెల్లారకముందే అలిపిరి మెట్లు పరుగెత్తి ఎక్కి, చెమటలు కారుతున్న ఫొటో మాకందరికీ పంపి నిద్ర చెడగొట్టేవాడు. ఇంకొకడు బండికి ఉన్న సైలెన్సరు పీకించి, వీధి వీధంతా ఉలిక్కిపడే సైలెన్సరు పెట్టించుకున్నాడు. నాకు చేపల పిచ్చి పట్టింది. అదైనా అందరిలాగా బంగారు చేపలతో ఊరుకోకుండా సముద్రపు చేపల దాకా పోయింది. సముద్రం చూడాలంటే బస్సెక్కి గంటలకొద్దీ పోవాల్సిన ఊళ్ళో ఉంటూ ఇంట్లోనే సముద్రం పెట్టాలనుకున్నాను చూడండి, అక్కడే తెలుస్తుంది నా తెలివి. ఆ తెలివి వల్ల నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. ఇప్పటికీ గుర్తొస్తే, పక్కన ఎవరూ లేకపోయినా సరే, తల దానంతట అదే దిగిపోతుంది.

అప్పుడు నేను కళ్ళద్దాల కొట్లో పని చేసేవాడిని. క్యూలో తోపులాటకు అద్దాలు విరగ్గొట్టుకున్న గుండు యాత్రికులే మాకు సగం బేరం. తిరుచానూరు దారిలో మా అద్దె ఇల్లు; నాయన, అమ్మ, అవ్వ, నేను. హాల్లో దేవుడి పటాలున్న గోడ కింద రెండడుగుల గాజు తొట్టి పెట్టి, ఇసుక పోసి, రాళ్ళు పేర్చి, సముద్రపు ఉప్పు ప్యాకెట్లు తెప్పించి నీళ్ళలో కలుపుతుంటే నాయన వచ్చి నిలబడి చూశాడు. "ఏం అబ్బోడా, ఊరగాయ పెడతాండావా?" అన్నాడు. ఎండాకాలం వచ్చాక నీళ్ళు వేడెక్కకుండా ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ తొట్టి వైపు తిప్పేశాను. నాయన పేపరు మడిచి విసురుకుంటూ, వచ్చినవాళ్ళందరికీ "చేపకు చెమట పడతాదంట" అని చెప్పేవాడు.

తొట్టిలోకి మద్రాసు నుంచి తెచ్చినవి రెండు ప్రాణాలు. ఒకటి వేలెడంత పసుపుపచ్చ చేప. రెండోది రొయ్య. వీటిది విచిత్రమైన కాపురం. రొయ్యకు చూపు సరిగా ఆనదు, కానీ పనిమంతురాలు. రాళ్ళ కింద ఇసుక తవ్వి బొరియ కట్టి, పొద్దస్తమానం గులకరాళ్ళు బయటికి నెడుతూనే ఉంటుంది. చేపకు చూపు బాగా ఉంది కానీ ఒళ్ళు వంగదు. అది గుమ్మంలో కూర్చుని కాపలా కాస్తుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా తన మీసం ఒకటి చేప ఒంటికి ఆనించి పెట్టుకుంటుంది. ఎవరైనా వస్తే చేప తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి దూరిపోతారు. (మా నాయనా అమ్మా కూడా దాదాపు ఇంతే. ఎవరు చేప, ఎవరు రొయ్య అన్నది నేను చెప్పను.) ఈ రొయ్యకు పట్టకారులాంటి ముందు డెక్క ఒకటి పెద్దది. అది గట్టిగా మూసిందంటే "టప్" అని గది అంతా వినపడేలా మోగుతుంది. అందుకే దాన్ని పిస్తోలు రొయ్య అంటారు.

ఇంట్లో నేను చేప సంగతి ఒక్కటే చెప్పాను. రొయ్య అనగానే మా ఇంట్లో మసాలా నూరడం మొదలుపెడతారు. దాన్ని పెంచుకుంటానంటే నవ్వి చంపేస్తారని దాచాను. అదేమో వచ్చిన రోజే ఇసుకలోకి పోయి, మనుషుల అలికిడి వింటే ముఖం చూపించేది కాదు. శబ్దం మాత్రం దాగుతుందా? ఒక మధ్యాహ్నం మా అవ్వ మోకాలికి నూనె రాసుకుంటూ "ఈ నొప్పి ఎప్పటికన్నా తగ్గుతాదో లేదో, తగ్గుతాదిలే" అంది. "టప్" అంది తొట్టి. అవ్వ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి దేవుడి పటాల వైపు చూసి, వేళ్ళ కణుపులతో నేలమీద కొట్టి "సత్యం, సత్యం" అంది. మాట అన్న వెంటనే బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మావైపు ఎంత గట్టి నమ్మకమో మీకు నేను చెప్పక్కర్లేదు. పటాల వెనక ఎప్పుడూ ఒకటి రెండు బల్లులు ఉండనే ఉండేవి. బల్లి గొంతు అలా ఒక్క దెబ్బతో ఆగదే అని నాయనకు అనుమానం వచ్చింది. "ముసలి బల్లిలే, ఎక్కువ మాట్లాడదు" అని అమ్మ తేల్చేసింది. నేను అన్నం కలుపుకుంటూ నవ్వుకున్నాను. తరవాత చెబుదాంలే అనుకున్నాను.

తరవాత చెప్పే వీలు లేకుండా పోయింది. ఎందుకంటే ఆ వారంలోనే చిత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి అక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, గుజ్జు పరీక్ష చేసే గదిలో ఉద్యోగం. ఫొటోలో నవ్వకుండా, ఫొటో తీసేవాడు ఇంకా ఎంతసేపు తీస్తాడన్నట్టు చూస్తోంది. ఆ చూపు నాకు భలే నచ్చింది. అమ్మ ఫొటో చేతిలోకి తీసుకుని "ఈ పిల్ల మనింటికి వస్తే బాగుంటాది" అంది. "టప్" అంది తొట్టి. అవ్వ నేల మీద, నాయన కుర్చీ చెయ్యి మీద, ఇద్దరూ ఒకేసారి కొట్టారు. అమ్మ వెంటనే చిత్తూరుకు ఫోను చేసి "మీ పిల్ల పేరెత్తంగానే బల్లి పలికిందమ్మా" అని చెప్పింది. అవతల ఆ పిల్ల అవ్వ, ఆ ఇంట్లో ఆమె మాటే మాట, ఉబ్బితబ్బిబ్బైపోయిందట. అంతకుముందు చూసిన సంబంధాలన్నింటికీ ఏదో ఒక వంక పెట్టిన మనిషి మా సంబంధానికి మాత్రం వెంటనే తల ఊపింది. మీరే చెప్పండి, అలాంటప్పుడు లేచి "అది బల్లి కాదు" అని ఏ పెళ్ళికొడుకు అంటాడు? నేను గమ్మున కూర్చున్నాను. ఆ రాత్రి తొట్టిలో ఒక రవ్వంత మేత ఎక్కువ వేశాను కూడా.

చిత్తూరు వెళ్ళి అమ్మాయిని చూసి వచ్చాం. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. ఆమె మధ్యాహ్నం అన్నం తినే వేళకు ఫోను చేసేది. ఆ వేళకు యాత్రికులెవరూ కొట్టుకు రాకూడదని కొండ వైపు తిరిగి దండం పెట్టుకునేవాడిని (మా యజమాని వింటే ఆ రోజే బయటికి పంపేవాడు). ఆమె పచ్చి మామిడి వాసన గురించి, ఫ్యాక్టరీ ముందు బారులు తీరే ట్రాక్టర్ల గురించి చెప్పేది. నేను నా చేప గురించి చెప్పేవాడిని. ఒకరోజు "అంత తొట్లో ఒక్క చేపేనా? దానికి తోడు ఎవరూ లేరా?" అని అడిగింది. నాలుక చివరిదాకా వచ్చింది రొయ్య. ఆ వెనకే వాళ్ళ అవ్వ గుర్తొచ్చింది. "లేదండీ, ఒక్కటే" అన్నాను. "పాపం" అంది ఆమె. ఆ పాపం ఎవరికి చుట్టుకుందో మీరే చూద్దురుగాని.

పిల్లవైపు పెద్దలు ఇల్లు చూడ్డానికి వచ్చారు. అవ్వ, పెదనాయన, మేనమామ. అమ్మాయి రాలేదు, అలా రావడం మర్యాద కాదు కదా. పెదనాయన గంజి పెట్టిన తెల్లపంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ మాత్రం కుర్చీ వద్దని, ఏరి కోరి దేవుడి పటాల గోడకు ఎదురుగా చాప మీద కూర్చుంది. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని "ఈడేనా అది పలికింది?" అని అడిగింది. అమ్మ గర్వంగా "ఈడే" అంది. నేను మెల్లిగా జరిగి తొట్టికి అడ్డంగా కూర్చున్నాను.

పెదనాయన మొదలుపెట్టాడు. "ఏమప్పా, అలవాట్లేమన్నా ఉండాయా?"

"లేవండీ" అన్నాను. నిజమే. అందరూ గోడ వైపు చూశారు. చప్పుడు లేదు.

"పని నిలకడగా చేసుకుంటావా? రేపు యాడికన్నా పోతానంటావా?"

"ఈడే ఉంటానండీ." మళ్ళీ చూశారు. పటాల వెనక నిజం బల్లి కూడా ఆ రోజు సెలవు పెట్టినట్టుంది.

అమ్మకు చెయ్యీ కాలూ ఆడలేదు. "మావోడు మాకు తెలీకుండా ఏ పనీ చెయ్యడండీ" అంది. దానికి మేనమామ, సరదా మనిషి, "మీకు తెలీకుండా చేసేది మీకెట్ల తెలుస్తాదక్కా?" అన్నాడు.

"టప్."

అందరూ నవ్వబోయి ఆగిపోయారు. చిత్తూరు అవ్వ నేలమీద కణుపులతో కొట్టి "సత్యం" అంది. పెదనాయన ముందుకు వంగాడు. "ఏందప్పా, ఏమన్నా దాచిపెట్టినావా?"

"టప్. టప్."

ఆ అవ్వ కాఫీ గ్లాసు తాగకుండా కింద పెట్టేసింది. అంతమంది అలికిడికి రొయ్య బెదిరిందని నాకొక్కడికి తెలుసు. మిగతావాళ్ళకు మాత్రం నేను తాగుబోతునో, ఎక్కడో ఇంకో కాపురం ఉన్నవాడినో అయిపోయాను. అమ్మ ముఖం పాలిపోయింది. ఊరుకుంటే ఇప్పుడు పలికింది నిజమవుతుంది. నోరు తెరిస్తే అప్పుడు పలికింది అబద్ధమవుతుంది. ఏది పోయినా చిత్తూరు పిల్ల పోతుంది. ఆ భయంలో లేచి నిలబడి "అది బల్లి కాదండీ, రొయ్య" అన్నాను.

"గోడ మింద రొయ్య యాడిదప్పా?" అన్నాడు మేనమామ.

"తొట్లో ఉండాదండీ. చేపతోపాటు."

అంతే, అందరూ తొట్టి చుట్టూ చేరారు. పెదనాయన గంజి పంచెతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మేనమామ ఫోను లైటు వేసి గాజుకు ఆనించాడు. అంతంత ముఖాలు ఒక్కసారి చూసేసరికి చేప తోక ఆడించి, తోక కొస కూడా కనపడకుండా లోపలికి మాయమైపోయింది. తొట్టిలో ఇసుక, రాళ్ళు తప్ప ఏమీ లేవు. "ఇప్పుడొస్తాదండీ, రవ్వంత ఆగండి" అన్నాను. ఆగారు. రాలేదు. చప్పుడన్నా చెయ్యమని లోలోపల బతిమాలాను. చెయ్యలేదు. "చేప కూడా లేదే!" అన్నాడు పెదనాయన. ఆఖరికి మా నాయన నా చెవి దగ్గరికి వచ్చి "అబ్బోడా, నిజంగానే ఉండాదా?" అని అడిగాడు.

చిత్తూరు అవ్వ మాత్రం చాప మీదనుంచి కదల్లేదు. "నాయనా, ఇట్ల సూడు. మా పిల్ల పేరెత్తంగానే పలికిందని మీ అమ్మ చెప్పిందే. ఆ పొద్దు పలికింది యెవరు?"

అమ్మ వైపు చూడలేకపోయాను. "రొయ్యేనండీ" అన్నాను.

గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ ఇంకా తొట్టి వైపే తిరిగి ఉంది. మూలనుంచి మా అవ్వ నెమ్మదిగా "అయితే నా మోకాలి నొప్పి తగ్గుతాదన్నది కూడా రొయ్యేనా రా?" అంది. ఎవరైనా నన్ను ఆ తొట్టిలో ముంచి ఉంటే సంతోషంగా మునిగి ఉండేవాడిని. వాళ్ళు మర్యాదగానే సెలవు తీసుకున్నారు. అమ్మ కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ నూనె సీసా మూత పెట్టేసి పడుకుంది. నేను రొయ్యను దాచింది నవ్వుతారని. ఇప్పుడు ఒక్కరు నవ్వినా బాగుండేదనిపించింది.

మర్నాడు కొట్లో ఒక గుండాయనకు అద్దాలు సరిచేస్తుండగా చిత్తూరు పిల్ల ఫోను చేసింది. ఆయన్ను అలాగే కూర్చోబెట్టి బయటికి పరుగెత్తాను.

"మా అవ్వ సరేనన్నాది" అంది. "రాత్రంతా నవ్వతానే ఉండాది. రొయ్య చెప్పినా మంచి మాటే చెప్పింది కదా అంటాది."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "చాలా సంతోషమండీ" అన్నాను.

"నేను వద్దన్నాను."

వెనకాల ఫ్యాక్టరీ మిషన్ల రొద వినపడుతోంది. ఆమే మళ్ళీ అంది. "తోడు లేదా అని నేనడిగినాను. లేదన్నారు. రొయ్య అని ఒక్క మాట నాతో చెప్పింటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మా అవ్వకు నేను చెప్పుకునేదాన్ని."

"భయమేసిందండీ. ఈ సంబంధం పోతాదేమోనని."

"అందరూ బల్లిని అడిగినారు. మీకు అది బల్లి కాదని తెలుసు. మీరన్నా నన్ను అడగాల కదా, నువ్వంటే నాకిష్టం, నేనంటే నీకు ఇష్టమేనా అని. ఇన్ని దినాలు మాట్లాడినాం, ఒక్కసారి అడగలేదే."

"ఇప్పుడు అడగొచ్చా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అప్పుడు అడిగింటే ఔననే చెప్పేదాన్ని" అని ఫోను పెట్టేసింది. లోపలికి వెళ్ళి అద్దాలు పెడితే గుండాయన "అంతా మసగ్గా ఉండాదే నాయనా" అన్నాడు. చూస్తే ఆయనకు వేరేవాళ్ళ అద్దాలు పెట్టాను.

ఇంట్లో వాళ్ళకు, పలికింది బల్లి కానందుకే సంబంధం తప్పిందని ఒక సమాధానం దొరికింది. నాకు అదీ లేకపోయింది. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కాదనడానికి లేదు. కొన్నాళ్ళకు చేపనూ రొయ్యనూ మద్రాసులో కొన్న కొట్టుకే తీసుకెళ్ళి ఇచ్చేశాను, విడదీయవద్దని మాత్రం బతిమాలి మరీ. ఆ అమ్మాయికి మంచి చోట పెళ్ళయిందని విన్నాను. ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషంలో నిజం ఎంతో, నటన ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

తరవాత కొన్నేళ్ళకు ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి పెద్దలకు వదిలిపెట్టకుండా, తిరుపతి బస్టాండులో, ఆమె కాణిపాకం బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురుగా వెళ్ళి, నేనంటే ఇష్టమేనా అని అడిగేశాను. ఆ రొదలో వినపడదేమోనని గొంతు పెంచి అడిగాను. మూటల మీద కూర్చున్న యాత్రికులు, టీ కొట్టువాడు, కండక్టరు అందరూ మా వైపు తిరిగారు. ఆమె పమిట చెంగుతో ముఖం సగం మూసుకుని "మెల్లిగా అడగండి, ఔననే చెప్తా గానీ" అంది. అది నా జన్మలో నేనే అడిగి, అడిగిన మనిషే చెప్పిన మొదటి జవాబు. అప్పటి నన్ను, ఆ వెర్రివాణ్ణి, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత స్పష్టంగా విన్నాక కూడా నమ్మకం చాలక, అదే గొంతుతో, ఇంకోసారి అడిగాడు.