టూ సెవెంటీ ఫైవ్ అనే అన్నాను

"టూ సెవెంటీ అంటున్నారు కదా మ్యామ్?" అన్నాడు తుపాకులు చేసే ముసలాయన, ఆర్డరు కాగితం మీద పెన్సిలు ఆనించి.

"టూ సెవెంటీ ఫైవ్," అన్నాను.

"టూ సెవెంటీ," అన్నాడు మళ్ళీ, చిన్నపిల్లకి ఎక్కం దిద్దుతున్నట్టు, చివరి ముక్క కోసేసి.

అప్పటికి నేను మిషిగన్ వచ్చి తొమ్మిదేళ్ళు. డెబ్బైల చివర. ట్రాయ్‌లో ఇంజన్ భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ఇన్‌స్పెక్టర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని కొలతలు తీయడం, అంకెలు చదవడం, తేడా వస్తే సరుకుని వెనక్కి పంపడం. అంగుళంలో పదివేలో వంతు అటూ ఇటూ అయినా పట్టుకుంటానని నాకు జీతమిస్తున్నారు. అలాంటి నాకు ఈయన అంకెలు పలకడం నేర్పుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది. మూడోసారి కూడా చెప్పాను. "సరే సరే, అర్థమైంది," అని ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో వంగి చూడకపోవడం నా బుద్ధితక్కువ.

నాకు ప్రత్యేకంగా రైఫిల్ చేయించుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. అంతకుముందు చలికాలం, ఆఫీస్‌కి వెళ్తుంటే ఐస్ మీద కారు జారి రోడ్డు పక్క రెయిలింగ్‌ని కొట్టింది. నా కుడి కాలర్ బోన్ రెండుచోట్ల విరిగింది. లోపల స్టీలు ప్లేటు వేసి కుట్టారు. వేటకి ఎప్పుడు వెళ్ళొచ్చని అడిగితే సర్జన్ నన్నూ, నా ఐదడుగుల ఎత్తునీ ఎగాదిగా చూశాడు. "మానేయండి. లేదా భుజాన్ని తన్నని తుపాకి వెతుక్కోండి," అని నవ్వాడు. ఆ రెండో మాట ఆయన జోక్‌గా అన్నాడు. నేను దాన్నే పట్టుకున్నాను.

ఎముక అతికాక నా పాత థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్‌తో ఒకే ఒక్కసారి కాల్చి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం రోజులు జడ వేసుకోలేకపోయాను. నా భుజం భరించగలిగే తుపాకి దొరక్కపోతే ఇక నా వేట అంతటితో సరి.

వేట పోతే ఏం పోయింది అంటారేమో. మా వారూ అదే అన్నారు. ఆయన పెయింట్ల కంపెనీలో కెమిస్టు, చీమని కూడా దాటుకుని నడిచే మనిషి.

"దేవుడే ఒక సైన్ ఇచ్చాడనుకోవచ్చుగా? మాంసం కావాలంటే మార్కెట్‌లో లేదా?"

"మాంసం కోసమా నేను వెళ్ళేది?"

"మరి దేనికి?"

అప్పుడు కోపంతో వంటింట్లోకి పోయాను. ఇప్పుడు చెప్పగలను. నవంబరు పదిహేనున జింకల వేట సీజన్ మొదలైతే మా టూల్‌రూమ్ సగం ఖాళీ. అందరూ ఉత్తరాన అడవులకి పోతారు. నన్ను వాళ్ళతో రానివ్వడానికే మూడేళ్ళు పట్టింది. అక్కడ మంచులో చెట్టుకి ఆనుకుని కూర్చుంటే నా ఇంగ్లీషుతో ఎవరికీ పనిలేదు. గురి ఉందా లేదా, అంతే. ఈ దేశంలో అలాంటి చోటు నాకు అదొక్కటే దొరికింది. దాన్ని ఒక ఐసుముక్కకి వదిలేస్తానా?

నెలకోసారి ఒక చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగేది. అక్కడ పాస్టరుగారి భార్య నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు.

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా తుపాకులూ అవీ? క్వయర్‌లో చక్కగా పాడుకోవచ్చుగా."

"రెండూ చేస్తున్నాను కదండీ అమ్మగారూ," అన్నాను. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మరి టూ సెవెంటీ ఫైవ్ ఎక్కడిదంటే, మా నాన్నది. నాన్న గోదావరి ఏజెన్సీలో మిషన్ ఆసుపత్రి కాంపౌండరు. అక్కడి డాక్టరు దొర వెళ్ళిపోతూ తన రైఫిల్ ఆయన పేర రాయించి వెళ్ళాడు. చేలల్లో పడే అడవిపందుల కోసం తీసేవారు. దాని తూటా పేరే మా ఇంట్లో ఆ తుపాకి పేరు. "టూ సెవెంటీ ఫైవ్ తీసుకురావే," అనేవారు నాన్న. పదిహేనేళ్ళప్పుడు, వెదురుబొంగులా ఉండే నేను దాన్ని కాల్చాను. నా భుజానికి ఏమీ కాలేదు, పంది మాత్రం అక్కడే కూలింది. కనుక ఏ తూటా ఎంచుకోవాలన్న ప్రశ్నే నాకు లేదు. అది ఈ దేశంలో ఇంకో పేరుతో బతుకుతోందన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు.

ముసలాయన మొదట టూ ఫార్టీ త్రీ అనే చిన్న తూటా తీసుకోమన్నాడు. "తన్నదు. కుర్రాళ్ళకీ ఆడవాళ్ళకీ బాగుంటుంది." ఆ మాటతోనే అది నాకు పనికిరాకుండా పోయింది. కోపం ఒక్కటే కారణం కాదు. చిన్న గుండు తగిలి చావకుండా కుంటుకుంటూ పోయిన జింక వెనక ఒకసారి నేను సాయంత్రం దాకా తిరిగాను. గుండు బరువుగా ఉండాలి, భుజం మీద తోపు మెత్తగా ఉండాలి. ఆ రెండూ నాన్న తూటాలో ఉన్నాయి.

సెప్టెంబరులో బ్యారెల్ వచ్చిందని ఫోన్ చేశాడు. నా పిన్ గేజ్‌ల పెట్టె పట్టుకుని వెళ్ళాను. ఇవి సన్నటి ఉక్కు పుల్లలు, ఒక్కొక్కటీ ఒక్కో కొలత. రంధ్రంలో ఏది సరిగ్గా దిగితే అదే రంధ్రం కొలత. నేనడిగిన బ్యారెల్‌లో టూ సెవెంటీ ఫైవ్ నంబరు పుల్ల దిగాలి. టూ సెవెంటీయే బిగుసుకుంది. టూ సెవెంటీ వన్ మొన కూడా దూరలేదు.

"ఇది నేనడిగింది కాదు," అన్నాను.

"టూ సెవెంటీ ఫైవ్ అనేది నా పుస్తకంలో లేదు మ్యామ్. మీరు పొరబడ్డారనుకుని నేనే సరిచేశాను. టూ సెవెంటీ అయితే తొలిచే రీమర్ నా డ్రాయర్‌లోనే ఉంది. సీజన్‌కి మీ చేతిలో పెడతాను."

"అది ఎక్కువ తంతుంది."

"కాస్తే."

"కాస్తో ఎంతో, తన్నేది మీ భుజాన్నా, నా భుజాన్నా?"

తీసుకోనని చెప్పి వచ్చేశాను. కారులో కూర్చున్నాక, ఏమో, నాన్న పలకడంలోనే తప్పుందేమో, ఊళ్ళో అందరం కలిసి ఒక తప్పు పేరునే పట్టుకుని తిరిగామేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానం పుట్టించినందుకు ఆయన మీద ఇంకా మండిపోయాను.

ఇల్లు చేరాక కుట్టుపెట్టె బోర్లించాను. సూదులు దాచుకునే ఇత్తడి గొట్టం ఒకటి ఉంది అందులో. నాన్న కాల్చి పారేసిన తూటా తొడుగు. అడుగున అక్షరాలు అరిగిపోయాయి. శనివారం వెళ్ళి దాన్ని ఆయన బల్ల మీద నిలబెట్టాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పొడవు కొలిచాడు. మెడ కొలిచాడు. పుస్తకం తీశాడు, పేజీ తిప్పాడు, మళ్ళీ కొలిచాడు.

"మ్యామ్, ఇది సెవెన్ బై ఫిఫ్టీ సెవెన్," అన్నాడు చివరికి. ఏడు మిల్లీమీటర్ల రంధ్రం, యాభై ఏడు మిల్లీమీటర్ల తొడుగు. ఆ ఏడుని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పుకుంటే టూ సెవెంటీ ఫైవ్. అంతే సంగతి. ఒకే తూటాకి ఇంగ్లీషు దొరలు పెట్టుకున్న పేరు మాకు వచ్చింది, రెండోది వీళ్ళకి వచ్చింది.

"ముందే ఇలా చెప్పొచ్చు కదా," అన్నాడు.

"మూడుసార్లు చెప్పాను. మీరు మూడుసార్లూ దిద్దారు."

నిజానికి ఆ తొడుగు మొదటి రోజే పట్టుకెళ్ళి ఉండాల్సింది నేను. అడిగేవాళ్ళకి కొలత చూపించాలి కానీ పేరు కాదని టూల్‌రూమ్‌లో అందరికీ పాఠాలు చెప్పేదాన్ని. అది ఒప్పుకుంటాను. ఆయనతో మాత్రం ఒప్పుకోలేదు.

ఇక రీమర్ సంగతి. బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిని ఆ తూటాకి సరిపడా ఆకారంలో తొలిచే పనిముట్టు అది. రీమర్ ఎలా ఉంటే గది అలా ఉంటుంది, అందులో మొహమాటం ఏమీ లేదు. ఈ తూటాకి మామూలుగా దొరికే రీమర్ పాతకాలపు పొడుగాటి బరువు గుళ్ళ కోసం చేసింది. గదికి ముందు గొంతు పొడుగ్గా తొలుస్తుంది. నేను వాడబోయేది మధ్యరకం గుండు. అది ఆ గొంతులో ఊరికే గెంతి, ఆ తర్వాత బ్యారెల్ లోపలి మెలికల గాడిలో పడాలి. గొంతు కురచ చేసి రీమర్ సాన పట్టించమన్నాను.

"ఉన్నదాన్ని అద్దెకి తెప్పిస్తే సీజన్‌కి అందుతుంది," అన్నాడు. "మీరన్నట్టు చేయిస్తే ఈ ఏడు అందదు. జింకకి ఆ తేడా తెలియదు మ్యామ్."

"నాకు తెలుస్తుంది."

డ్రాయింగ్ నేనే గీశాను. ప్రతి కొలతా రాశాను, ఎంత తేడా ఒప్పుకుంటానో పక్కన రాశాను. అది చూసి "మళ్ళీ మెట్రిక్ గోల," అని సణిగాడు కానీ, కాగితం మడవకుండా జాగ్రత్తగా ఫైల్‌లో పెట్టాడు.

ఆ నవంబరులో అందరూ ఉత్తరానికి వెళ్ళారు. ఖాళీ టూల్‌రూమ్‌లో నేనొక్కదాన్నే కూర్చుని వాల్వ్ గైడ్‌లు కొలిచాను. ఏడుపొచ్చింది. మా వారు "టూ సెవెంటీయే తీసుకోవాల్సింది, ఎందుకంత పట్టుదల," అన్నారు. ఆ రాత్రి ఆయనకి వంట చేయలేదు. ఆయనే అన్నం, పప్పు వండి నా పక్కన పెట్టి, "సరే, నీ తుపాకి, నీ భుజం," అన్నారు. మా ఇంట్లో ఆ విషయం అక్కడితో తేలిపోయింది.

జనవరిలో ఏడు మిల్లీమీటర్ల కొత్త బ్యారెల్‌తో పాటు రీమర్ వచ్చింది. లంచ్ టైమ్‌లో రీమర్‌ని మా కంపారేటర్ తెర మీద పెద్దది చేసి, అంచు అంచునా నా గీతలతో పోల్చి చూశాను. తప్పు పట్టుకోవాలనే చూశాను. దొరకలేదు.

గది తొలిచేటప్పుడు దగ్గరే నిలబడ్డాను. ఆయన కాస్త తొలవడం, బయటికి లాగడం, రజను తుడవడం, నూనె పెట్టడం, మళ్ళీ లోపలికి పంపడం. తొందర లేదు. మంచి పనివాడే, అందుకేగా వచ్చింది నేను. ఇంకా అంగుళంలో వెయ్యో వంతులు రెండే మిగిలాక లేత్ ఆపి, రీమర్‌కి అడ్డపిడి బిగించి నా వైపు తిప్పాడు.

"తిప్పండి," అన్నాడు.

ఎడమచేతి బలంతో, కుడిచేతి ఆసరాతో తిప్పాను. ఉక్కు సన్నగా కోసుకుపోతుంటే అరచేతికి తెలిసింది. గేజ్ పెట్టి చూశాడు, తల ఊపాడు.

మార్చిలో, ఊరి బయట రేంజ్‌లో, ఆయన మడిచిన తువ్వాలు నా భుజం మీద వేయబోయాడు. వద్దని పక్కన పెట్టాను. భయం లేక కాదు. తువ్వాలుతో ఓర్చుకుంటే అది నాకు సరిపోయిన తుపాకి కాదు. ఊపిరి బిగబట్టి కాల్చాను. తోసింది, అంతే. తన్నలేదు. మళ్ళీ కాల్చాను. మూడోసారి కాల్చి, లేచి నిలబడి, అక్కడే ఆయన ముందే జడ విప్పి, రెండు చేతులూ తల వెనక్కి ఎత్తి మళ్ళీ అల్లుకున్నాను. నొప్పి లేదు. ఈ ముసలాయనకి అదేమిటో అర్థం కాలేదు, నేను చెప్పలేదు.

షాపుకి వచ్చాక బ్యారెల్‌ని బల్లకి బిగించి, అంకెల అచ్చుల డబ్బా తీశాడు. "సెవెన్ బై ఫిఫ్టీ సెవెన్ అని కొట్టేస్తాను."

"కొట్టండి. తూటాలు కొనేవాళ్ళకి తెలియాలి. దాని పైన టూ సెవెంటీ ఫైవ్ అని కూడా కొట్టండి."

"ఇక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు మ్యామ్."

"మీకు తెలిసింది కదా."

ఆయన డబ్బాలోంచి ఉక్కు అచ్చులు ఒక్కొక్కటే ఏరి, బల్ల మీద వరసగా పెడుతూ పైకి చదివాడు. "టూ. సెవెన్." మూడోది చేతిలో పట్టుకుని ఆగాడు. "ఫైవ్?"

"ఫైవ్," అన్నాను. "కొట్టండి."