కుర్తా లోపలి అస్తర్

ఒక సాయంత్రం పటాన్‌చెరులోని మందుల కంపెనీ నుంచి ఇంద్రేశంలోని ఇంటికి వచ్చి యూనిఫాం విప్పగానే మెడ వెనుక, చంకల చుట్టూ ఎర్రని దద్దుర్లు కనిపించాయి. ఉక్కపోత అనుకున్నాను. వారం తిరిగేసరికి అవి మోచేతి మడతలకూ పాకాయి.

నేను క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టును కాబట్టి కారణం అందరూ ముందే తేల్చేశారు. "గా మందులతోనే ఒళ్ళు పాడైతుంది. ఇడిసిపెట్టు బిడ్డా గా కొలువు," అన్నది మా అత్తమ్మ. సెలవు పెడితే దద్దుర్లు తగ్గాయి. "నేన్ జెప్పలే?" అని నవ్వింది. మేనేజర్ నన్ను ఫైళ్ళ సెక్షన్‌కు మారుస్తానన్నారు. ఇష్టపడి సంపాదించుకున్న ల్యాబ్ పని పోతుందన్న దిగులు దురదను మించింది.

అయినా ఆ నిరూపణను నేను ఒప్పుకోలేదు. సెలవులో ల్యాబ్‌తోపాటు యూనిఫాం కూడా దూరమైంది కదా.

సంగారెడ్డిలో స్కిన్ డాక్టరమ్మ నా చేతులు తిప్పి చూశారు. "చంక గుంటలో ఏమీ లేదు, బట్ట రాసుకునే అంచున ఉంది. అరచేతులు, వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బట్ట తగిలి వచ్చే అలర్జీ, అంటే కాంటాక్ట్ డెర్మటైటిస్ కావచ్చు."

"చేతులకు గ్లవ్స్ ఉంటాయి డాక్టర్, అందుకే అక్కడ రాలేదేమో."

"అందుకే 'కావచ్చు' అన్నాను. ప్యాచ్ టెస్ట్ చేద్దాం, అనుమానమున్నవి వీపుకు అతికించి చూస్తాం. యూనిఫాం బట్ట ముక్క కూడా తీసుకురండి."

స్టెరాయిడ్ క్రీమ్‌తో తగ్గింది, మానగానే తిరగబెట్టింది. ప్యాచ్ టెస్ట్‌లో, కుట్టగా మిగిలిన యూనిఫాం కాటన్ ముక్క నెగటివ్. ఇక ల్యాబ్ వదలాల్సిందేనని భయపడ్డాను. కానీ డిస్పర్స్ బ్లూ అనే రంగు అతికించిన చోట చర్మం పొంగింది. "ఇది ఎక్కువగా పాలిస్టర్‌కు వేసే రంగు. మీ కాటన్‌లో ఉండకూడదే!" అన్నారు డాక్టర్.

ఇంటికొచ్చి యూనిఫాం కుర్తా తిరగేశాను. లోపల ముదురు నీలం పాలిస్టర్ అస్తర్, అదే లైనింగ్, ఉంది. నేను వేయమనలేదు, ఇన్నాళ్ళూ పట్టించుకోనూ లేదు. దర్జీ రహీం భాయ్‌ని అడిగాను.

"కంపెనీ బట్ట పల్చగుంటది మేడం. ఆడోళ్ళ కుర్తాలకు అడగకున్నా అస్తర్ ఏస్త. అందరికీ గదే ఏసిన, మీకొక్కలకే గోకుడు ఎట్లొచ్చె?"

న్యాయమైన ప్రశ్నే. అలర్జీ అందరికీ రాదు. అస్తర్ ముక్కతో మళ్ళీ పరీక్ష చేయించాను, పాజిటివ్. ల్యాబ్ మానకుండా అస్తర్ ఒక్కటే విప్పించాను. చర్మం నెమ్మదిగా మానింది. ఒక పెళ్ళికి నీలం పాలిస్టర్ లైనింగ్ ఉన్న జాకెట్ వేసుకుంటే మళ్ళీ దద్దుర్లు లేచాయి. మేనేజర్‌కు రిపోర్టులు చూపించాను, బదిలీ ఆగింది. ఇప్పుడూ అదే బెంచీ దగ్గర పనిచేస్తున్నాను.

రంగు బట్టలన్నీ హానికరమని నేననను. మీకూ ఇటువంటి దద్దుర్లు వస్తే, డాక్టర్ దగ్గరకు అనుమానమున్న బట్టను లోపలి పొరతో సహా తీసుకెళ్ళండి.

మొన్న కొత్త యూనిఫాం చేతికిస్తూ రహీం భాయ్ అన్నాడు: "తెల్ల కాటన్ అస్తరే ఏసిన. మీరెట్లాగూ నమ్మరు గదా, సూసుకోండి."

తిరగేసి చూసుకున్నాను.