పాట కోసం ఆగిన చెయ్యి

నాకు ఇంగ్లీషు వచ్చు. పెద్దకడుబూరు దగ్గర ఒక బడిలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. మా ఆయనకు ఒక్క ముక్క రాదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. అయినా అమెరికా పాత పాటలను మా ఇంటికి తెచ్చిందీ, నెత్తిన పెట్టుకుందీ ఆయనే. నేను కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తెరిపి.

తెచ్చింది కూడా కావాలని కాదు. ఏదో పని మీద ఆదోనికి పోయి, మెమరీ కార్డులో పాటలు ఎక్కించే అంగట్లో పాత తెలుగు పాటలూ కన్నడ పాటలూ అడిగాడట. రద్దీలో ఆ అంగడివాడు ఎవరికో ఎక్కించాల్సినవి ఈయనకు ఎక్కించి పంపాడు. ఇంటికొచ్చి, మగ్గం పక్కన ఉండే చిన్న స్పీకరు పెట్టెలో ఆ కార్డు పెడితే ముందు పియానో వచ్చింది. తర్వాత ఎవరో చీపురుతో నేల ఊడుస్తున్నట్టు మెత్తగా డ్రమ్ము. ఆపైన ఒక ఆడగొంతు.

"రేపు పొయ్యి వాని మొహాన కొట్టి రాపో" అన్నాను.

"ఉండనీలేమే. ఈయమ్మ ఏందో సెప్పుకుంటాంది. కొంచెం ఇందాం" అన్నాడు.

ఆ కొంచెం పదకొండేళ్లు సాగింది. నేను బడి నుంచి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆ పాటలే. మగ్గానికి నూలు కండెలు చుడుతూ కూర్చుంటే చెవిలో ఆ పాటలే. పక్కింట్లో ఒకామె ఉంది, పత్తి పనులకు పోతుంది, ఆదివారం చర్చికి పోతుంది. కొన్నాళ్లు విని విని, ఒకరోజు నన్ను పక్కకు పిలిచి సంతోషంగా అడిగింది, "టీచరక్కా, అన్న మాలో కలిసినాడా ఏంది?" ఇంగ్లీషులో ఇంత నిదానంగా పాడేది దేవుని పాటే అయ్యుంటుందని ఆమె లెక్క. నేను తల కొట్టుకున్నాను. ఆయన మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు.

భాష తెలియకపోయినా ఆయన ఆ గాయకులను మన వీధిలో మనుషుల్లాగే గుర్తుపట్టేవాడు. "సూడు, ఒకే పాటను నలుగురు పాడినారు. మొదటాయన సభలో నిలబడి సెప్తాండాడు. రెండో ఆయన మన పక్కన కూసోని సెప్తాండాడు. ఇంకొకాయనకు అంతా అయిపోయినాక నవ్వొస్తాంది. ఈయమ్మకు సెప్పను ఇష్టం ల్యాదు, అయినా సెప్తాంది" అనేవాడు. అవి ఎప్పుడో నాటకాలకూ సినిమాలకూ రాసిన పాటలనీ, తరవాత ఒకరి వెనక ఒకరు ఎందరో గాయకులు తమ సొంతం చేసుకుని పాడారనీ, అసలు గొప్పంతా ఆ పాడే తీరులోనే ఉందనీ నేను మొన్నమొన్న ఫోనులో చదివాను. ఆయన చెవితోనే పట్టేశాడు.

ఆ ఆడగొంతు పాడే పాటే ఒక చీరను చెడగొట్టింది. మాకు నూలిచ్చి చీరలు తీసుకునే సావుకారి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, అందరి ముందరా విసిరికొట్టాడు. "ఈడ సిక్కగా పడింది, ఈడ పల్సగా పడింది. తాగి నేసినావేమప్పా?"

జన్మలో తాగని మనిషి. అబద్ధమైనా చెప్పొచ్చు కదా! "పాట ఇంటాంటినప్పా" అన్నాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇంటికొచ్చి ఇది చెప్పగానే దులిపేశాను. ముప్పై ఏళ్లుగా నేస్తున్నవాడికి ఇదేం రోగమని అడిగాను. ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా కాదు, ఏదో కనిపెట్టినవాడిలా చెప్పాడు. "అది కాదే. తాళం ముందు పోతాంటాది. ఆయమ్మ తాళంతో పోదు. ఎనకాల నిదానంగా వస్తాది. ఒక్కోతాన మాట నోటిదాకా వచ్చి ఆగుతాది. ఆయమ్మ ఆగితే నా సెయ్యి ఆగుతాది. దెబ్బ గట్టిగా పడదు."

నాడె విసిరిన ప్రతిసారీ, అది అడ్డంగా వదిలిన పేక దారాన్ని ఒకే బలంతో దగ్గరికి కొట్టాలి. దెబ్బ సడలిందా, అక్కడ బట్ట పల్చన. అది ఆయనకు నేను చెప్పాలా?

"ఆయమ్మ ఆగేకాడ ఏం మాట ఉందో సెప్పు టీచరమ్మా. ఒక్కసారి కూసోరాదా" అన్నాడు.

"ఏముంటుంది? ప్రేమ, వాన, చందమామ. మన పాటల్లో లేనిదేముంది అందులో! రేపు చూద్దాంలే."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగాడో. "కొంచెంసేపు కూసో." పరీక్ష పేపర్లున్నాయి, రేపు. చపాతీ పిండి కలపాలి, రేపు. ఒకప్పుడు గోడల మీద 'రేపు రా' అని రాసి దయ్యాన్ని వాకిట్లోంచే పంపేసేవాళ్లు. నేను అదే మాటతో మొగుణ్ణి పంపాను. బడిలో రాని పిల్లవాడికి పదిసార్లు చెప్పిన దాన్ని, ఇంట్లో అడిగిన మనిషికి ఒక్క పాట చెప్పలేదు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఆయన గుండె ఆగిపోయింది. మాకు పిల్లలు లేరు. వచ్చిన బంధువులు పెద్దకర్మ దాకా ఉండి వెళ్లిపోయారు. పదవీ విరమణ కూడా అయిపోవడంతో నాకు పొద్దున లేస్తే పట్టుకోవాల్సిన బస్సు కూడా లేదు. మగ్గం చప్పుడు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఆ వీధిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. భరించలేక, ఏదో ఒక శబ్దం ఉండనీ అని ఆ పెట్టె పెట్టాను.

మొదట్లో వినలేదు, ఊరికే మోగనిచ్చాను. తర్వాత ఒక మాట తెలిసింది, ఇంకొకటి తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నోటుబుక్కు తీసుకుని ఆ ఆడగొంతు పాట దగ్గర కూర్చున్నాను. పెద్ద కథేమీ లేదు. ఇంటికి వచ్చిన మనిషి లేచి వెళ్లబోతుంటే ఆమె ఏవేవో సాకులు చెబుతుంది. బయట వాన ఉందంటుంది, చీకటి పడలేదంటుంది. ప్రతి చరణం చివరా ఒకటే మాట. చెప్పే ముందు ఊపిరి బిగబట్టి ఆగుతుంది. వాద్యాలు ముందుకు పోతూనే ఉంటాయి, ఆమె రాదు. అప్పుడు చాలా మెల్లగా అంటుంది: ఇంకాసేపు కూర్చో.

నాలుగు చరణాలు. నాలుగుసార్లు ఆగింది.

లేచి, సావుకారి విసిరికొట్టిన ఆ చీరను బీరువాలోంచి తీశాను. కిటికీకి పట్టాను. నాలుగు వేళ్ల వెడల్పులో నాలుగు పల్చని గీతలు. కొంచెం బట్ట బాగుంది, మళ్లీ నాలుగు. మళ్లీ నాలుగు. పాట తిప్పి తిప్పి పెట్టుకున్నాడు మహానుభావుడు. అర్థం తెలియని మాట దగ్గర ఆయన చెయ్యి ప్రతిసారీ ఆగింది. అదే మాట నాకు తెలుగులో చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఆ చీర మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చాను.

పాట ఇంకా మోగుతూనే ఉంది. పక్కింటామె తలకు గుడ్డ చుట్టుకుని, సద్ది డబ్బా చేతిలో పట్టుకుని వాకిట్లో ఆగింది.

"ఏమంటాందక్కా ఆయమ్మ? అన్న ఎప్పుడూ ఇదే ఇంటాండె."

కళ్లు తుడుచుకుని చాప పరిచాను. "కూర్చో, చెప్తాను."

ఆమె చాపను చూసింది, నన్ను చూసింది. వీధి చివర ఆటో హారను మోగింది. పత్తికి పోయేవాళ్లు ఆమెను పేరు పెట్టి అరుస్తున్నారు.

"ఇప్పుడు తీరదక్కా. రేపొస్తాలే" అని పరిగెత్తింది.