పెద్దమ్మ నవలలో నేను మార్చిన అధ్యాయం

వారం రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి మళ్లీ వంటింట్లోకి తిరుగుతుంటే మా అమ్మాయి లాప్‌టాప్ మీంచి తలెత్తి ఒంట్లో బాగాలేదా అని రెండుసార్లు అడిగింది. ఒంటికేమీ కాలేదు. కోకాపేటలో మేముండే ఈ ఆకాశమంత ఎత్తు భవనాల్లో ఆడపిల్లలు కొందరు నెలకొక తెలుగు పుస్తకం చదివి, శనివారం సాయంత్రం కింద క్లబ్‌హౌస్‌లో కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. ఈ నెల వాళ్లు ఎంచుకున్నది, ఎక్కడ సంపాదించారో గానీ, మా పెద్దమ్మ ఎప్పుడో రాసిన నవల. ఆ రచయిత్రి స్వయానా మా అమ్మకు అక్క అని తెలియగానే వచ్చే శనివారం నన్ను మాట్లాడమన్నారు. అందరికీ బాగా నచ్చింది పధ్నాలుగో అధ్యాయమట, ఆ కాలంలో ఆవిడ అంత ధైర్యంగా ఎలా రాయగలిగారో చెప్పాలట. ఆ అధ్యాయం మా పెద్దమ్మ రాయలేదు. నేను రాశాను.

నవలలో జరిగేది నిజాముల కాలం. ఏరు పొంగి ఒక ఊరిని తుడిచిపెట్టుకుపోతే, మొగుణ్ణీ ఇంటినీ పోగొట్టుకున్న ఒక ఆడమనిషి మళ్లీ బతుకు నిలబెట్టుకోవడం అందులో కథ. పెద్దమ్మ బడిపంతులుగా రిటైరై బోరబండలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటూ, దాన్ని ఒక వారపత్రికకు సీరియల్‌గా రాస్తున్న రోజుల్లోనే నేను ఏడాది నిండని పిల్లతో ఆవిడ దగ్గరికి చేరాను. మా ఆయన చందానగర్ దగ్గర బొంబాయి రోడ్డు మీద లారీ ప్రమాదంలో పోయారు. అమ్మ అంతకు ముందే లేదు. ఇక నాకు వెళ్లడానికి ఉన్న గడప అదొక్కటే. పెద్దమ్మ నన్ను ఓదార్చే మాట ఒక్కటి కూడా అనలేదు. మూడో రోజున ఒక దస్తా తెల్లకాగితాలూ సిరా పెన్నూ నా ముందు పెట్టి, ఫెయిర్ కాపీ రాయమంది.

ఫెయిర్ కాపీ అంటే ఏమిటో మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పత్రికకు పంపే కాగితానికి ఒకవైపే రాయాలి, ఎడమపక్క మూడు వేళ్ల మార్జిన్ వదలాలి, కొట్టివేతలు ఉండకూడదు. పెద్దమ్మ బడిలో మిగిలిన పాత పరీక్ష కాగితాల వెనకవైపు పెన్సిల్‌తో రాసేది. చేయి వణికి అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేవి, వాటిని కూడబలుక్కోవడం నాకొక్కదానికే అలవాటైంది. రెండు కళ్లకూ శుక్లాలు కాబట్టి నేను రాసింది ఆవిడ మళ్లీ చూసేది కాదు. కాపీ కాగానే పెన్సిల్ కాగితాలు నీళ్ల పొయ్యి అంటించడానికి పనికొచ్చేవి. వారానికొకసారి నేనే బస్సెక్కి పత్రిక ఆఫీసులో ఇచ్చి వచ్చేదాన్ని. పత్రిక అచ్చయి వచ్చిన రోజు మధ్యాహ్నం ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ భాగం పైకి చదివి వినిపించడం కూడా నా పనే.

ఆ రోజుల్లో మాదాపూర్ అంటే ఇంకా బండరాళ్లే. ఎక్కడో రాళ్లు పేల్చిన చప్పుడుకు బోరబండలో మా గిన్నెలు అదిరేవి. ఆ బండల మధ్య అప్పుడప్పుడే లేచిన ఒక అద్దాల భవనంలో డేటా ఎంట్రీ పని ఉందని విని, పెద్దమ్మకు చెప్పకుండా వెళ్లి టైపింగ్ పరీక్ష రాసి వచ్చాను. పని ఇచ్చారు, వచ్చే నెల మొదట్లో చేరమన్నారు. కానీ అప్పటికే మా అత్తగారి ఊరి నుంచి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చి మాట్లాడి వెళ్లారు. నన్నూ పిల్లనూ తమ ఇంట్లోనే పెట్టుకుంటామన్నారు. పెద్దమ్మ సరేనని మాటిచ్చింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అదే నా ప్రాణానికి వచ్చింది. చెడ్డవాళ్లయితే కాదనడానికి ఒక కారణమైనా ఉండేది. ఆ ఇంట్లో కడదాకా అందరికీ వండి పెడుతూ ఉండిపోతానన్న తలపుకే నాకు ఊపిరాడేది కాదు. అయినా పెద్దమ్మ ఎదుట నిలబడి వెళ్లనని చెప్పే నోరు లేదు. పెద్దవాళ్లు మాట ఇచ్చాక మనం మాట్లాడే ఆచారం మా ఇళ్లలో లేదు.

సరిగ్గా అప్పుడే పధ్నాలుగో అధ్యాయం నా చేతికి వచ్చింది. వరద తీశాక కథానాయిక పక్క ఊళ్లో ఉన్న తన బావ ఇంటికి వెళ్లి, వాళ్ల పంచన చేరి, అక్కడ ఒదిగి బతకడం మొదలుపెడుతుంది. నాలుగు కాగితాలు. చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని వారాలు కష్టాలకు ఎదురునిలిపిన మనిషిని తీసుకెళ్లి అక్కడ పడేస్తుందా ఈవిడ అనుకున్నాను, నన్ను పంపుతున్నట్టే దాన్నీ పంపుతోంది అనుకున్నాను. పిల్ల నిద్రపోయే రెండు గంటల్లో నా అంతట నేను రాసేశాను: బావ బండి కట్టుకుని వస్తాడు, ఆమె దండం పెట్టి రానంటుంది, ఏటి ఒడ్డునే మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేసుకుంటుంది. మర్నాడు పెన్సిల్ కాగితాలు నీళ్ల పొయ్యిలో పెట్టి, సిరా కాగితాలు పత్రికకు ఇచ్చి వచ్చాను.

అది అచ్చయి రావడానికి పది రోజులు పట్టింది. పెద్దమ్మకు జ్వరం వచ్చి తరువాతి భాగం మొదలుపెట్టలేదు గనక సరిపోయింది. పత్రిక వచ్చింది. చదవకుండా తప్పించుకుందామంటే కుదరదు, అసలుది చూడకుండా చెబుదామంటే ఒక్క వాక్యం గుర్తులేదు. గోడకు ఆనుకుని ఆవిడ, ఎదురుగా నేను. నా గొంతు నాకే వినపడనంత వేగంగా చదివి ముగించాను. పెద్దమ్మ చీర కొంగు అంచు వేళ్లతో సవరించుకుంది.

“మళ్ల సదువు, నిమ్మలంగ సదువు,” అంది.

మళ్లీ చదివాను. సగంలోనే ఏడుపొచ్చింది. అయినా ఆపమనలేదు. చివరిదాకా విని, ఎక్కడ పని దొరికింది అని మాత్రం అడిగింది. నేను పని గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఆవిడకెలా తెలిసిందో ఈనాటికీ తెలియదు. మాదాపూర్‌లో అన్నాను. పిల్లకు పాలు ఎన్నిసార్లు పట్టాలో చెప్పమంది.

ఆ ఆదివారం మా బావగారూ మా తోడికోడలూ కలిసి వచ్చారు. చాయ్ తాగి నా పెట్టె ఎక్కడని అడిగితే, పెద్దమ్మ నన్ను మాట్లాడనివ్వకుండా తనే చెప్పింది.

“మాట ఇచ్చింది నేను, తప్పింది గూడ నేనే. పిల్లనేమనకుండ్రి.”

మా బావగారు ముఖం ముడుచుకుని లేచి వెళ్లిపోయారు. బంధువుల్లో చాలా ఏళ్లు పెద్దమ్మకు మాట తప్పిన మనిషని పేరు పడింది. నేను పనిలో చేరాను, పిల్లను ఆవిడ పెంచింది, నవలను నేను మార్చిన చోటు నుంచే ముందుకు నడిపింది. ఏటి ఒడ్డు గుడిసెలో ఆ మనిషి గంపలల్లి, నలుగురు ఆడవాళ్లను పోగేసి, చివరికి ఊరు మళ్లీ కట్టించేదాకా రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆ తరువాత ప్రతి ఫెయిర్ కాపీనీ పంపే ముందు తనకు చదివి వినిపించమనేది. నాకు సిగ్గేసేది గానీ, అంతకు మించి ఆలోచించలేదు. గెలిచాననే అనుకున్నాను.

పెద్దమ్మ పోయిన ఏడాదికి మా చిన్నమ్మ, ఆ అక్కచెల్లెళ్లందరిలోకీ చిన్నది, మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. చిన్నమ్మకు చదువు లేదు. ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ నవల తీసి చదవమంది. పెద్దమ్మకు పందొమ్మిదేళ్లకే మొగుడు పోయాడనీ, పంతులమ్మ ట్రైనింగుకు వెళ్లేముందు పదకొండేళ్లు బావగారి ఇంట్లో ఉండిపోయిందనీ ఆవిడ చెబితే నేను మొదటిసారి విన్నాను. నేను పుట్టేనాటికే పెద్దమ్మ పంతులమ్మ, అంతకు ముందు ఆవిడకొక బతుకుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పదకొండేళ్ల గురించి పెద్దమ్మ ఎన్నడూ నోరు విప్పలేదట. ఒకసారి మాత్రం, అదంతా ఈ పుస్తకంలో రాస్తున్నానని చిన్నమ్మతో అన్నదట.

నేను పధ్నాలుగో అధ్యాయం తీశాను. ఇంకేం తీయను? చదివాను. చిన్నమ్మ చేట పక్కన పెట్టి శ్రద్ధగా వింది.

“మంచిగనే ఉంది బిడ్డా,” అంది చివరికి. “గని ఇది మా అక్క కాదు.”

ఆ నాలుగు కాగితాల్లో ఏముందో గుర్తు తెచ్చుకోవడానికి అప్పటి నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఈ వారమంతా అదే పని. బస్సులో, ఆఫీసులో, వంట చేస్తూ నాలుక చివరిదాకా వచ్చినట్టే వచ్చి పోతుంది. ఇప్పటి పిల్లలకు ఎవరి చాటునా మాట్లాడే అవసరం లేదు. ఇష్టం లేకపోతే లేదని ముఖం మీదే చెబుతారు, మా అమ్మాయి కూడా అంతే. అది చూస్తే నాకు కడుపు నిండుతుంది. బండి ఎక్కనన్న మనిషి వాళ్లకు నచ్చడంలో వింతేముంది? బండెక్కి వెళ్లి, ఆ ఇంట్లో ఒదిగి, ఆ ఒదిగిన బతుకులోనే ఎలాగో నిలబడ్డ మనిషి సంగతి ఇప్పుడెవరు అడుగుతారు? పెద్దమ్మ మాత్రం అది చెప్పదలుచుకుంది. తన బతుకును జీవితంలో ఒక్కసారే కాగితం మీద పెట్టింది. దాన్ని చదివినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే. చదివి, పిరికితనం అనుకున్నాను.