మెయిన్ దగ్గర మనిషి

వందన స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకుంది. కింద బేస్‌మెంట్‌లో ట్యూషన్లు పెడదామని అక్కడికి వేరే కరెంటు బోర్డు కావాలంది. ఆ పనికి కన్నతండ్రిని కాదని సూర్యప్రకాష్‌ని పిలిచింది. ముప్ఫయ్యారేళ్లు స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన గురునాథరావుకి అది మింగుడుపడలేదు. సూర్యప్రకాష్‌కి పని నేర్పింది తనే మరి.

"మీ చెయ్యి వణుకుతోంది కద నాన్నా" అంది వందన, మెల్లిగానే.

తప్పు పట్టడానికే ఆయన బేస్‌మెంట్‌లో కుర్చీ వేసుకు కూచున్నాడు. వానలకి అక్కడి ఇటుక గోడ చెమ్మ పీల్చి తెల్లగా ఉప్పు పూసింది. బోర్డుని గోడకి ఆనించి బిగిస్తే ఏడాదికల్లా వెనకంతా తుప్పే. అలాగే బిగించాలని లోలోపల కోరుకున్నాడు. సూర్యప్రకాష్ మట్టం చూసుకుని ముందు రెండు ఇనుప పట్టీలు బిగించాడు. వెనక గాలి ఆడేలా వాటిమీద బోర్డు నిలబెట్టాడు. అచ్చం గురునాథరావు చేసే పద్ధతి. బాబాయిది ఎంత బుర్రో అని వందన మెచ్చుకుంటుంటే ఆయనకి ఒళ్లు మండిపోయింది.

ఇక తీగలు కలపాలి.

"గురువుగారూ, పైన మెయిన్ ఆపి అక్కడే ఉండండి."

ప్లాంటులో ఒకరు లోపల చెయ్యి పెడితే ఇంకొకరు స్విచ్చి దగ్గర కాపలా. పని చేసినవాడు వచ్చి చెప్పేదాకా కదలకూడదు. ఇరవయ్యేళ్లు ఆ కాపలా సూర్యప్రకాష్‌ది. ఇప్పుడు తనదైంది.

గురునాథరావు వరండాలోకొచ్చి మెయిన్ ఆపాడు. చెప్పులేసుకుని గేటుదాకా వెళ్లిపోయాడు. గొళ్లెం తీస్తూ వెనక్కి చూస్తే భార్య జోగమ్మ మెయిన్ మీదకి చెయ్యి చాపుతోంది. ఆయన చెప్పులతోనే పరిగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటండీ, చట్నీ మధ్యలో మిక్సీ ఆగిపోనాది."

"ముట్టుకోకు. కింద మనిషున్నాడు."

స్విచ్చికి అడ్డంగా ముప్పావుగంట నిలబడ్డాడు. సూర్యప్రకాష్ చేతులు తుడుచుకుంటూ పైకొచ్చి పనయిందన్నాడు.

"పైన మీరున్నారని టెస్టర్ కూడా పెట్టలేదు గురువుగారూ."

గురునాథరావు మెయిన్ వేశాడు.

"రేపట్నుంచి పెట్టు. ఎవడున్నా పెట్టు."

ఆ చెప్పుల సంగతి ఆయన పోయిన పన్నెండోరోజున జోగమ్మ చెప్పేదాకా ఎవరికీ తెలీదు. సూర్యప్రకాష్ తల వంచుకుని విన్నాడు.

"అక్కడ ఇరవయ్యేళ్లు నిలబడ్డాను వదినా. నాకూ వెళ్లిపోవాలనిపించేది."