అలసిన కోడె, బెదిరిన కోడె

నా చిన్నప్పుడు మా ఇంట్లో పశువుల విషయంలో ఒక కట్టుబాటు ఉండేది. కోడెను ఏ మనిషి కాడికి కడితే ఆ మనిషే సాయంత్రం దాన్ని విప్పాలి, నీళ్లు తాగించాలి, కుడితి పెట్టాలి. ఎంత అలసిపోయినా, ఎవరింటికి పెళ్లికి పోయేది ఉన్నా, ఆ పని మరొకరికి అప్పగించకూడదు. అది మా తాత పెట్టిన నియమం. ఎందుకు పెట్టాడో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మహేశ్వరం దగ్గర మా ఊళ్లో మిగతా ఇళ్లలో అట్లాంటిదేమీ లేదు. కుడితి ఆడవాళ్లో పిల్లలో పెట్టేవాళ్లు. మా తాతది చాదస్తమని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

నేను బడి మానేసిన కొత్తలో జరిగింది ఇది. ఆ ఏడు మా పెద్ద ఎద్దుల జతలో ఒకటి కాలు విరిగి పనికిరాకుండా పోయింది. మిగిలింది ఒక ముసలి ఎద్దు, ఇంట్లోనే పుట్టి పెరిగిన ఒక తెల్లకోడె. తొలకరి లోపల ఆ కోడె నాగలి లాగడం నేర్చుకోకపోతే మా చేను బీడు పడుతుంది. కొత్త ఎద్దును తెచ్చే స్తోమత మాకు లేదు. ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లో ఎప్పుడూ ఆ దిగులే వినిపించేది.

కొత్త కోడెను నేరుగా నాగలికి కట్టరు. ముందు ముసలి ఎద్దు పక్కన కాడికి కట్టి, వెనక ఒక దుంగను లాగిస్తారు. అది కాడి కింద నుంచి మెడ లాక్కుంటుంది. పక్కకు పడుతుంది. మొండికేసి సాలులోనే పడుకుంటుంది. దెబ్బ తప్పదు. మొదటి రోజులు మా తాతే దాన్ని తిప్పాడు, ఆయనా కొట్టాడు. ఆయన చేతి చెర్నకోల చప్పుడు ఇంటి దాకా వినబడేది. తర్వాత ఆయన మా మేనత్తకు బాగాలేదంటే చూడడానికి వాళ్ల ఊరికి పోయి, కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. కోడె పని మా చిన్నాయన మీద పడింది.

చిన్నాయనకు అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. చేతికొచ్చిన బాధ్యతను తండ్రి తిరిగొచ్చేలోపు పూర్తిచేసి చూపించాలని ఆయన తొందర. పడుకున్న కోడెకు తోక మెలిపెట్టేవాడు. ముక్కుతాడు పట్టి గుంజేవాడు. లేచి నడుస్తున్నప్పుడు కూడా కొడుతూనే ఉండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెర్నకోల చూరులో చెక్కి, "బిడ్డా, జర కుడితి పెట్టు, నా రెక్కలు పడిపోయినయ్" అని నాకు చెప్పి చాయ్ హోటల్ వైపు పోయేవాడు. నేను పెట్టేదాన్ని. కోడె నా చేతుల దగ్గర మూతి పెట్టి బుద్ధిగా తాగేది. అందువల్ల ఏమీ తేడా ఉన్నట్టు నాకు తోచలేదు.

తాత తిరిగొచ్చిన రోజు చిన్నాయన ఎదురెళ్లి మరీ చెప్పాడు.

"బాపు, ఇగ ఫికర్ లేదు. నన్ను చూస్తెనే మిలిటరోడి లెక్క నిలబడుతది."

తాత సంచి కింద పెట్టకుండానే అడిగాడు. "కుడితి ఎవరు పెడుతున్నరు?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. తాత కాళ్లు కడుక్కొని బావి గట్టుకు పోయి, ఒక మోపెడు పచ్చగడ్డి కోసుకొచ్చి, చిన్నాయన చేతుల్లో పెట్టాడు. "నీ చేత్తోని పెట్టు పో. నేను ఈడనే కూసుంట" అని కొట్టం ముందు రాతి మీద కూర్చున్నాడు.

పచ్చగడ్డి వాసనకు కోడె ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. ఆ ఎండల్లో అది పచ్చటి పరక చూసి ఎన్నాళ్లయిందో. చిన్నాయన చెయ్యి చాపాడు. కోడె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన ముందుకు జరిగాడు. అది పలుపు బిగుసుకునేదాకా వెనక్కి పోయి, గోడకు ఆనుకుని, మొహం పక్కకు తిప్పుకుంది. దాని వెనక కాళ్లు వణుకుతున్నాయి.

"పొగరు బాపు దీనికి" అన్నాడు చిన్నాయన నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. ఇంకోసారి చాపాడు. ఈసారి "దా, దా" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఆయన దగ్గర విననిది. కోడె రాలేదు.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "తాతా, నువ్వు గూడ కొట్టినవ్ గద?"

"అడుగు బిడ్డా, గట్టిగ అడుగు" అన్నాడు చిన్నాయన, తనకొక సాక్షి దొరికినట్టు.

తాత నవ్వి, కొడుకు చేతిలోని గడ్డి తీసుకుని, నన్ను పలుపు విప్పమన్నాడు. లేవకుండా కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపాడు. కోడె చిన్నాయనను గమనిస్తూ, ఆయనకు వీలైనంత దూరంగా కొట్టం అంచు వెంబడి చుట్టూ తిరిగొచ్చి, తాత చేతిలో మూతి పెట్టింది.

"పడుకుంటె కొట్టిన, లేసినంక ఆపిన" అన్నాడు తాత, దాని గంగడోలు నిమురుతూ. "నువ్వు లేసినంక గూడ కొట్టినవ్. ఇగ అది ఏం చెయ్యాల్నో దానికేం ఎరుకరా? ఏం చేసినా దెబ్బనే ఆయె. ఇది నీ దగ్గర అలుస్తలేదు, బెదురుతున్నది. ఆ రెండూ పొలంల ఒక్కతీరుగనే కనబడుతయ్. ఇంటికొచ్చినంకనే ఎరుకైతది."

ఇంటి కట్టుబాటు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. చిన్నాయన ఆ తర్వాత రోజూ తానే కుడితి కలిపి గోళెంలో పోసి, కాస్త దూరంగా కూర్చునేవాడు. కోడె తాగేది కాదు. మళ్లీ కూర్చునేవాడు. చివరికి ఒక రోజు తాగింది. ఊరందరూ విత్తేశాక మేము విత్తాం. ఆలస్యానికి పంట కొంత తగ్గింది కూడా. కానీ ఆ కోడె చాలా ఏళ్లు మా చేను దున్నింది, పని అయ్యాక చిన్నాయన వెనకే ఇంటికి నడిచింది.

పెళ్లయి నేను శంషాబాద్ వచ్చాను. చదువు లేకపోయినా లెక్కలంటే ఇష్టం. ఇంటికి వచ్చే కాగితం ముక్కల మీద, అమ్మే కొనే వాళ్ల పక్కన నిలబడి, నాకు నేనే నేర్చుకున్నాను. ఎయిర్‌పోర్ట్ వచ్చి చుట్టూ ఇళ్లు లేస్తున్నప్పుడు ఒక టైల్స్ దుకాణంలో పని దొరికింది. గది కొలతలు చెబితే ఎన్ని పెట్టెలు పడతాయో, మూలల్లో ఎంత వృథా పోతుందో చెప్పడం నా పని. మా ఆయన ఎయిర్‌పోర్ట్‌కు క్యాబ్ నడిపేవాడు. మాకు ఒక్కతే కూతురు. ఎయిర్‌పోర్ట్ తెరిచిన నాలుగైదేళ్లకు ఆమె రాజేంద్రనగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో చేరి, అక్కడి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఆడడం మొదలుపెట్టింది. ఆట బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని మా ఇంట్లో పెద్ద ఆశ.

మొదటి ఏడు వాళ్ల కోచ్ సారు పిల్లలను ఎండలో రౌండ్ల మీద రౌండ్లు పరుగెత్తించేవాడు. మా అమ్మాయి ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా నేల మీద వాలిపోయేది. లేచి మా ఇద్దరి అన్నం ఆమె ఒక్కతే తినేది. తింటున్నంతసేపు సారును తిట్టేది, ఆయన నడకను అనుకరించి చూపించేది. నాకు దిగులు కలగలేదు. తాత చెప్పిన అలుపు అదేనని తెలుసు.

రెండో ఏడు కాలేజీల మధ్య పోటీలో వాళ్లు మొదటి ఆటలోనే ఓడిపోయారు. ఆ తర్వాత మా అమ్మాయిలో ఒక మార్పు వచ్చింది. నేను దాన్ని మంచి మార్పు అనుకున్నాను. లేపకుండానే లేచేది. బూట్లు రాత్రే తుడిచి పెట్టుకునేది. అందరికన్నా ముందు గ్రౌండ్‌కు చేరేది. సారును తిట్టడం మానేసింది. "ఎట్లుంది ప్రాక్టీస్?" అంటే "బాగుంది" అని గదిలోకి పోయేది. పిల్లకు బాధ్యత తెలిసింది అని మా ఆయనా నేనూ సంతోషపడ్డాం. బెదిరితే వెనక్కి పోతుందని కదా నేను చూసింది. ఈమె ముందుకు ఉరుకుతున్నది, ఇక దిగులెందుకు అనుకున్నాను.

మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చే ఆమె స్నేహితురాలు ఒక రోజు మా దుకాణానికి వచ్చి ఏడ్చేదాకా నాకు సంగతి తెలియదు. గోల్ కొట్టేదాకా సారు నీళ్లు ముట్టనిచ్చేవాడు కాదట. ఓడిన ఆటలో తప్పు చేసిన పిల్లను మధ్యలో నిలబెట్టి, మిగతావాళ్ల చేత వంతుల వారీగా తిట్టించేవాడట. గోల్ కొట్టినా తిట్టించేవాడట. మా అమ్మాయి చీలమండ బెణికి వారం దాటిందని, ఆ కాలితోనే రౌండ్లు తిరుగుతున్నదని, ఇంట్లో చెబితే జట్టులోంచి తీసేస్తానన్నాడని చెప్పింది. "ఆంటీ, నేను చెప్పిన అని చెప్పకుండ్రి" అని చేతులు పట్టుకుంది.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. "కోటా పోతది కదనే" అన్నాడు. "కాలు పోతె కోటా ఏం చేసుకుంటం?" అన్నాను. మర్నాడు దుకాణానికి పోకుండా గ్రౌండ్‌కు వెళ్లాను.

మా అమ్మాయి ప్రహరీ నీడలో కూర్చుని ఉంది. నన్ను చూసి గాభరాపడింది. కాలు చూపించమంటే సాక్సు దించింది. వాచి నల్లబడింది. "లే, ఇంటికి పోదాం" అంటే, "జర ఆగమ్మా, లేస్తె బాగ నొస్తున్నది" అంది. ఆమెను అక్కడే ఉంచి గోల్‌పోస్ట్ దగ్గరున్న సారు దగ్గరికి నడిచాను.

ఆయన చెడ్డవాడిలా లేడు. నాకు కుర్చీ తెప్పించాడు. నేను నీళ్ల సంగతి, తిట్టించడం సంగతి అడిగితే ఓపికగా విన్నాడు. పైన దిగుతున్న విమానం చప్పుడు పోయేదాకా ఆగి అన్నాడు. "అమ్మా, మీకు బాధనిపిస్తది. కని ఆటంటే గిట్లనే ఉంటది. మా సారు మమ్ముల బెల్టుతోని కొట్టేటోడు. ఆయన కొట్టబట్టే యూనివర్సిటీకి ఆడిన. ఇప్పటికీ ఆయన బజార్ల కనబడితె నా కాళ్లు వణుకుతయ్." ఇది గొప్పగానే చెప్పాడు.

"ఉరికించుడు తప్పంటలేను సార్. తిట్టుడు గూడ తప్పంటలేను" అన్నాను. "ఒక్కసారి మా బిడ్డను పిలువుండ్రి."

ఆయన అటు తిరిగి ఆమె పేరు పెట్టి పిలిచాడు. గట్టిగా కూడా కాదు. నేను పిలిస్తే లేవలేని పిల్ల గోడ పట్టుకుని లేచి, పరుగెత్తింది. కుంటుతూ, పళ్లు బిగబట్టి, గ్రౌండ్ సగం దాటి పరుగెత్తుకొచ్చి, మా ముందు చేతులు వెనక కట్టుకుని నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మొహంలో మాత్రం ఏ భావమూ లేదు.

"కాలుకేమైంది?" అన్నాడు సారు.

"ఏం లేదు సార్. మంచిగనే ఉంది సార్."

నాకు అప్పుడు తెలిసింది నేను చేసిన పొరపాటు. పశువు బెదిరితే వెనక్కి పోతుంది. పిల్ల బెదిరితే ముందుకొస్తుంది. చెప్పిన సమయానికంటే ముందే వస్తుంది, నవ్వమంటే నవ్వుతుంది. కొట్టంలో పలుపు బిగుసుకోవడం కళ్లకు కనబడింది. ఇక్కడ కనబడలేదు.

"నేను రమ్మంటె నొస్తున్నది అన్నది సార్" అన్నాను. "అమ్మతోని నొస్తున్నది అని చెప్పింది, మీతోని లేదంటున్నది. రేపు ఎముక విరిగినా మీకు చెప్పదు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని "చూపించమ్మా" అని చెయ్యి చాపాడు. మా అమ్మాయి కాలు వెనక్కి లాక్కుంది. ఆ చెయ్యి అట్లాగే కొంతసేపు గాలిలో ఉండిపోయింది. చుట్టూ మిగతా పిల్లలు బంతి ఆపి చూస్తున్నారు.

ఆయన ఆ రోజు తప్పయిందని ఏమీ అనలేదు. అనాలని నేనూ పట్టుబట్టలేదు. పిల్లను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. పోయే ముందు ప్రిన్సిపల్ మేడమ్‌కు జరిగిందంతా చెప్పాను. మా అమ్మాయి ఆట మానేస్తుందో, కాలు నయమయ్యాక మళ్లీ ఆడుతుందో అది ఆమె ఇష్టమని, కోటా మాట ఇంట్లో ఇక ఎత్తనని మా ఆయన పిల్లకు చెప్పాడు. ఆమె చాలా రోజులు ఇంట్లోనే ఉంది. నీళ్ల క్యాన్ ఇప్పుడు గ్రౌండ్ లోపలే ఉంటున్నదని, సారు పిల్లలను మధ్యలో నిలబెట్టడం మానేశాడని, రౌండ్లు మాత్రం తగ్గలేదని స్నేహితురాలు వచ్చి చెబుతుండేది. ఒక రోజు మా అమ్మాయి తనంతట తానే బూట్లు తీసుకుని వెళ్లింది.

నేను ఆ సాయంత్రం గుమ్మం దగ్గరే కూర్చున్నాను. ఆమె వచ్చి సంచి విసిరేసి, పళ్లెం ముందేసుకుని, నోట్లో ముద్ద ఉండగానే మొదలుపెట్టింది. "గా సారుకు పిచ్చి లేసిందే అమ్మా! ఎండల గన్ని రౌండ్లా? మనిషేనా ఆయన? నొస్తున్నది సార్ అంటె పో కూసో అంటడు, కూసుంటె రెండు నిమిషాలకే ఏమాయె ఇంకా అంటడు..." తిడుతూనే ఉంది. మా ఆయన నా వైపు చూసి భయంగా "మళ్ల సారు దగ్గరికి పోవాల్నా?" అన్నాడు. నేను నవ్వుతూ ఇంకొంచెం అన్నం వడ్డించాను.

తాత పోయి చాలా ఏళ్లయింది. కొట్టం ముందు ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ నాతో ఉంది. పిల్లలకు తగ్గట్టు దాన్ని కొద్దిగా మార్చుకోవలసి వచ్చింది, అంతే. మా వీధి పిల్లలు ఆటకో ట్యూషన్‌కో పోయొస్తూ కనబడితే మార్కులు అడగను, కప్పులు అడగను. వాళ్ల సారు ఎట్లాంటివాడని అడుగుతాను. నోరు విప్పి తిట్టడం మొదలుపెడితే పని పక్కన పెట్టి వింటాను. "మంచి సారు" అని ఒక్క మాట చెప్పి తల దించుకుని వెళ్లిపోతే, ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి పోయి తల్లితో మాట్లాడి వస్తాను.