తూటాలు సర్దార్జీ జేబులో పెట్టిన మావయ్య

ఎదురింటి మావయ్య పోయారని మొన్న పొద్దున్న మా అన్నయ్య రిసాలి నుంచి స్కూటరు మీద వచ్చి చెప్పాడు. కోహ్కాలో మా గుమ్మం ముందు నిలబడి, హెల్మెట్ కూడా తియ్యకుండా చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మావయ్యతో నా పోట్లాట ఇంకా సగంలోనే ఉంది. నాలుగైదేళ్లుగా ఆదివారం ఆదివారం వెళ్లి పోట్లాడుతున్నాను. సమాధానం చెప్పకుండా ఇలా వెళ్లిపోతే నేనిప్పుడు ఎవరితో తేల్చుకోవాలి?

ఆయన మాకు చుట్టం కాదు. సెక్టర్ 7లో మా క్వార్టరుకి ఎదురు క్వార్టరు. మాదీ ఆయనదీ విజయనగరం వైపే కాబట్టి మా అమ్మకి అన్నయ్య, మాకు మావయ్య అయిపోయారు. స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ ఇంజనీరు. వీధిలో ఎవరింట్లో కరెంటు పోయినా చొక్కా జేబులో తీగ ముక్క వేసుకుని వచ్చేవారు. వచ్చాక మొదటి పని, ఫ్యూజు పీకి తన జేబులో వేసుకోవడం. నా చిన్నప్పుడు ఒకసారి మా నాన్న, "ఏదీ ఆ ఫ్యూజు, ఇలా ఇవ్వండి బావగారూ, చూస్తాను" అని చెయ్యి చాపాడు. "లోపల ఉన్నవి నా వేళ్లు బావా. పనయ్యేదాకా ఇది నా జేబులోనే ఉంటాది" అన్నారు. మా నాన్న మొహం మాడిపోయింది. మావయ్యకి అదేం పట్టలేదు.

అది ప్లాంటు పద్ధతి. మిల్లు రోలర్ల మధ్యకి మనిషి దిగాడంటే ఇంకెవరూ కరెంటు వెయ్యకుండా ఫ్యూజు ఆ మనిషి దగ్గరే ఉండాలి. జనరల్ మేనేజరు వచ్చి అడిగినా ఇవ్వకూడదు. "ఎవడి ప్రాణం లోపలుందో వాడిదే మాట" అనేవారు. వినడానికి ఎంత బాగుంది! నేనూ చాలాకాలం అలాగే మురిసిపోయాను.

ఆయన దగ్గర లైసెన్సున్న తుపాకీ ఒకటి ఉండేది. పార్వతీపురం కొండల దగ్గర చోడిచేలల్లో, అంటే రాగిచేలల్లో, అడవిపందుల్ని తోలడానికి వాళ్ల నాన్న వాడినది. బీరువా మీద పాత దుప్పటిలో చుట్టి ఉండేది. దసరాకి దింపి, నూనె రాసి, బొట్టు పెట్టి, మళ్లీ పైకి ఎక్కించేవారు.

ఎనభై నాలుగు నవంబరులో, ప్రధాని హత్య తర్వాత, ఢిల్లీలో సిక్కుల ఇళ్లు తగలబడుతున్నాయని రేడియోలో వింటున్నాం. మా వీధి చివర క్వార్టరులో ఒక సర్దార్జీ ఉండేవారు. క్రేన్ ఆపరేటరు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. బజారు వైపు నుంచి గుంపులు వస్తాయని పుకారు లేచింది. మగవాళ్లంతా మా వరండాలో చేరారు.

"పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోద్ది మావయ్యా. బందూక్ తియ్యండి. గాల్లోకి ఒక్క దెబ్బ చాలు" అన్నాడు మా అన్నయ్య. అప్పుడు వాడికి ఇరవై రెండేళ్లు.

"గాల్లోకే పేలుతాదని నీకు ఎవుడు చెప్పాడురా? నీ చెయ్యి వణికితే?"

"మరేటి చేద్దాం? చూస్తూ కూర్చుందామా?"

మావయ్య కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. ఏ ప్రశ్నకైనా ముందు అదే చేసేవారు. తర్వాత తుపాకీ తెచ్చి అన్నయ్య చేతికిచ్చారు. తూటాలు మాత్రం పట్టుకెళ్లి సర్దార్జీ చేతిలో పెట్టి, "ఇవి మీ దగ్గర ఉంచండి. పేల్చాలో వద్దో మీరే చెప్పాలి. ప్రాణాలు మీవి" అన్నారు హిందీలో. ఆ పెద్దమనిషి కాసేపు వాటికేసి చూసి, కుర్తా జేబులో వేసుకున్నారు.

"ఇదేమైనా మీ మిల్లు రోలరనుకున్నారా?" అని నేను అక్కడే అడిగేశాను. అమ్మ నన్ను లోపలికి లాగింది.

మర్నాడు మధ్యాహ్నం గుంపు నిజంగానే వచ్చింది. మావయ్య ఒట్టి చేతులతో సర్దార్జీ గేటు ముందు నిలబడి, తెలిసిన మొహాల్ని పేరుపేరునా పిలిచి మాట్లాడబోయారు. ఒక్క తోపు తోశారు, కింద పడ్డారు. అన్నయ్య తుపాకీ పట్టుకుని పెరటి వైపు నుంచి సర్దార్జీ ఇంట్లోకి పరిగెత్తి తూటాలు ఇవ్వమన్నాడు. సర్దార్జీ జేబులో చెయ్యి పెట్టుకుని కిటికీ సందులోంచి చూస్తున్నారట. కింద నిలబడి రోజూ ఆయన క్రేనుకి సైగలు చేసే కుర్రాడు ఆ గుంపులో ఉన్నాడు. ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

సర్దార్జీ స్కూటరు రోడ్డు మీదికి ఈడ్చి తగలబెట్టారు. రాళ్లు వేశారు. పగిలిన కిటికీ అద్దం ముక్క ఆయన చిన్నపిల్ల కనుబొమ మీద గీసుకుపోయింది. అప్పటికి పోలీసు లారీ వచ్చింది, గుంపు పారిపోయింది. పిల్లకి కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది.

ఒక్క దెబ్బ పేలుంటే ఆ పిల్ల మొహం బాగుండేదని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. నేనూ మావయ్యతో అదే అన్నాను. "కావచ్చు. పేలుంటే మీ అన్నయ్య ఈరోజు ఏటయ్యేవాడో అదీ ఆలోచించు" అన్నారు. ఆలోచించకుండా ఉంటానా? వాడు ఇద్దరు పిల్లల్ని స్కూటరు మీద ఎక్కించుకుని మా ఇంటికి వచ్చినప్పుడల్లా మావయ్యకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. తుపాకీ వద్దనుకుంటే వద్దని మీరే అనాలి. కావాలనుకుంటే మీరే పట్టుకోవాలి. చావు భయంతో తలుపులేసుకుని కూర్చున్నవాడి నెత్తిన పెడతారా ఆ నిర్ణయం? ఇలా అడిగితే అద్దాలు తుడుచుకునేవారు. "ఆయన్ని అడక్కుండా ఆయన పేరు మీద ఎలాగ చంపుతామే?" అనేవారు ఒక్కోసారి. నాకు అదీ సబబుగానే తోచేది. ఇంటికొచ్చాక మళ్లీ కాదనిపించేది.

రెండు నెలలకి సర్దార్జీ ఉద్యోగం వదులుకుని పంజాబు వెళ్లిపోయారు. దుర్గ్ స్టేషనుకి మేమంతా వెళ్లాం. ఆయన అందర్నీ కావలించుకుని పెట్టెలో ఎక్కి, అవతలి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆయన భార్య ఇటువైపు కిటికీలోంచి మావయ్యని పిలిచింది.

"భాయ్‌సాబ్, మీరు మంచికే చేశారు, నాకు తెలుసు. కానీ ఆయనకి నిద్ర లేదు. పిల్ల మొహం చూసినప్పుడల్లా ఆయన చెయ్యి జేబులోకి పోతోంది. ఆ నిర్ణయం మీ దగ్గరే ఉంచుకోవాల్సింది" అంది.

మావయ్య ఈసారి అద్దాలు తియ్యలేదు. "అవును బెహన్‌జీ" అన్నారు.

రైలు కదిలింది. మావయ్య కిటికీ ఊచ పట్టుకుని నడిచారు, తర్వాత పరుగులాంటి నడక. ప్లాట్‌ఫారం చివర ఏటవాలు దగ్గర ఆగిపోయారు. పెట్టెలన్నీ వెళ్లిపోయి పట్టాలు ఖాళీ అయ్యాయి. మేం దగ్గరికి వెళ్లేసరికి, ఆయన చెయ్యి ఇంకా కిటికీ ఎత్తులోనే ఉంది.